నల్లా నీళ్లు వాడకానికేనా? చేవెళ్ల, మొయినాబాద్ చెప్పే సంగతులు

చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతంలో ఏ ఇంట్లో అడిగినా నీళ్లు రెండు రకాలు. నల్లా నీళ్లు వాడకానికి, బబుల్ నీళ్లు తాగడానికి. గిన్నెలు తోమడం, బట్టలు ఉతకడం, స్నానాలు, బర్రెలకు పెట్టడం అన్నీ నల్లా నీళ్లతోనే. తాగడానికి మాత్రం ఇరవై లీటర్ల నీలం క్యాన్. కొన్ని ఇళ్లలో ఇప్పుడు అన్నం కూడా క్యాన్ నీళ్లతోనే వండుతున్నారు. నల్లా నీళ్లతో వండితే అన్నం పచ్చబడుతుందని, పప్పు ఉడకదని కారణం చెబుతారు.

నిజానికి నల్లాలో వచ్చేవి తాగడానికని ప్రభుత్వం శుద్ధి చేసి పంపుతున్న నది నీళ్లు. క్యాన్‌లో వచ్చేవి ఎక్కువ చోట్ల ప్లాంటు యజమాని తన బోరు నుంచి తోడినవి. అంటే తాగునీటితో గిన్నెలు తోముకుని, బోరు నీళ్లను కొనుక్కుని తాగుతున్నాం.

ఈ తిరకాసు ఎలా వచ్చింది, దీనికి ఎవరు ఎంత చెల్లిస్తున్నారు, దళిత వాడలకు నల్లా మిగతావాళ్లకన్నా ఎందుకు ఎక్కువ ముఖ్యం అన్నవి ఈ వ్యాసంలో వివరిస్తాం. క్యాన్ కొనే తల్లిని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. పిల్లకు విరేచనాలు పట్టుకుంటే ఆస్పత్రికి ఎంతవుతుందో ఆమెకు తెలుసు. ఆమె భయం ఉత్తి భయం కాదు. ఆ భయాన్ని ఎవరు తీర్చాలి, ఎవరు సొమ్ము చేసుకుంటున్నారు అన్నదే మా ప్రశ్న.

నల్లా దాకా వచ్చే నీళ్లు

మిషన్ భగీరథ 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండలో మొదలైంది. కృష్ణా, గోదావరి నీళ్లను శుద్ధి చేసి ప్రతి ఇంటికీ నల్లా ద్వారా ఇవ్వడం దాని లక్ష్యం. గ్రామాల్లో మనిషికి రోజుకు 100 లీటర్లు, మున్సిపాలిటీల్లో 135, కార్పొరేషన్లలో 150 అని లెక్క పెట్టుకున్నారు. 2019లో కేంద్రం తెచ్చిన జల్ జీవన్ మిషన్ గ్రామాలకు పెట్టుకున్న లెక్క 55 లీటర్లే. కాగితం మీద చూస్తే మనది పెద్ద హామీ. చేవెళ్ల, మొయినాబాద్‌లు 2025లో మున్సిపాలిటీలయ్యాయి కాబట్టి అక్కడివాళ్లు ఇక 100 కాదు, 135 లీటర్ల సంగతి అడగాలి. ఈ తేడా చాలామంది దృష్టికి రాలేదు.

ఐదుగురున్న ఇంటికి 100 చొప్పున రోజుకు 500 లీటర్లు. అందులో తాగడానికి పోయేది ఒక క్యానెడు, అంటే 20 లీటర్లు. నూటికి నాలుగు వంతులు. ఆ నాలుగు వంతుల మీద నమ్మకం లేక మొత్తం పథకమే 'వాడకం నీళ్లు' అయిపోయింది.

శుద్ధి కేంద్రంలో జరిగే పని పాతదే. నీళ్లలో పటిక కలుపుతారు. మట్టి, మురికి గడ్డకట్టి అడుగుకు చేరుతుంది. తర్వాత ఇసుక ఫిల్టర్ల గుండా పంపి, చివరికి క్లోరిన్ కలుపుతారు. క్లోరిన్‌కు రెండు పనులు. అప్పటికే ఉన్న క్రిములను చంపడం ఒకటి. పైపులో, ట్యాంకిలో, బిందెలో తర్వాత చేరబోయే క్రిముల కోసం కొంచెం మిగిలి ఉండడం రెండోది. అలా మిగిలిన క్లోరిన్ నల్లా దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలని తాగునీటి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 చెబుతుంది. 'మందు వాసన' అని మనం ముఖం చిట్లించేది దీన్నే. ఆ వాసన రావడం నీళ్లకు కాపలా ఉందనడానికి గుర్తు. బిందె మీద పలుచటి బట్ట కట్టి కొన్ని గంటలు ఉంచితే వాసన చాలావరకు పోతుంది.

ఇంతవరకు బాగానే ఉంది. చిక్కు వచ్చేది ఊరి ట్యాంకి దాటాక. పెద్ద పైపుల్లో ట్యాంకి దాకా నీళ్లు తేవడం మిషన్ పని. ట్యాంకి కడగడం, గేటు వాల్వులు తిప్పడం, ఊరిలోపలి లైన్లు చూసుకోవడం పంచాయతీ పని, ఇప్పుడు ఈ రెండు చోట్ల మున్సిపాలిటీ పని. నీళ్లు ఇరవై నాలుగు గంటలూ రావు కాబట్టి మిగతా సమయంలో పైపు ఖాళీగా ఉంటుంది. ఖాళీ పైపుకు పగులుంటే, దాని పక్కనే మోరీ ఉంటే, మోరీ నీళ్లు లోపలికి పీల్చుకుంటుంది. మర్నాడు నల్లా విప్పగానే మొదట వచ్చే రంగు నీళ్లు అవే కావచ్చు. ఎవరో లైనుకు మోటారు బిగిస్తే ఈ పీల్చుడు ఇంకా ఎక్కువవుతుంది.

ఇక లైను చివర ఎవరుంటారు? తెలంగాణ పల్లెలో దీనికి జవాబు వెతకనక్కర్లేదు. ట్యాంకి ఊరి నడుమ, పంచాయతీ ఆఫీసు దగ్గరో బడి దగ్గరో ఉంటుంది. లైను అక్కడ మొదలై పెద్ద ఇళ్లు దాటి, చివరికి వాడకు, ఎస్సీ కాలనీకి చేరుతుంది. ఊరిని కులం ఎలా పేర్చిందో పైపు కూడా అలాగే పరుచుకుంది. మొదటి ఇళ్లలో ప్రెషర్ ఉంటుంది, సంపులు నిండుతాయి. చివరి నల్లాలో సన్నటి ధార, ఆలస్యంగా, తక్కువ సేపు. క్లోరిన్ కూడా అక్కడికి చేరేసరికి తరిగిపోతుంది. కాబట్టి 'ఊళ్లో నీళ్లు బాగానే ఉన్నాయి' అన్న మాటా, 'మా వాడలో బాగా లేవు' అన్న మాటా రెండూ ఒకే రోజు నిజం కావచ్చు.

క్యాన్‌లో ఏముంది

ఊళ్లలో 'మినరల్ వాటర్ ప్లాంటు' అని బోర్డు పెట్టినవాటిలో జరిగేది మినరల్స్‌ను తీసేయడం. మినరల్ వాటర్‌కు మన దేశంలో వేరే ప్రమాణం ఉంది, ఐఎస్ 13428. అది సహజమైన ఊట దగ్గర పట్టి నింపినదై ఉండాలి. శుద్ధి చేసి సీల్ చేసి అమ్మే నీళ్ల ప్రమాణం ఐఎస్ 14543. మన ఊరి ప్లాంట్లు చాలావరకు ఈ రెండింటిలో ఏదీ కాదు. బోరు నీళ్లను ఆర్‌వో పొర గుండా ఒత్తిడితో నెట్టి, అవతల వచ్చినవి తెచ్చుకున్న క్యాన్‌లో పడతాయి. సీలు ఉండదు, నింపిన తేదీ ఉండదు, క్యాన్ లోపల ఎప్పుడు కడిగారో తెలియదు. ఆర్‌వో నీళ్లలో మిగులు క్లోరిన్ కూడా ఉండదు కనుక, మూత తీసి గ్లాసు ముంచిన దగ్గర్నుంచి దానికి కాపలా లేదు.

సీలు వేసి అమ్మే నీళ్లకు 2001 నుంచి ఐఎస్‌ఐ ముద్ర తప్పనిసరిగా ఉండేది. 2024 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ తప్పనిసరిని తీసేసింది. ఆ తర్వాత కొద్ది వారాలకే ఈ నీళ్లను ఎక్కువ ప్రమాదం ఉన్న ఆహార పదార్థాల జాబితాలో చేర్చి, ఏటా తనిఖీలు ఉండాలంది. ముద్ర తీసేసి, ప్రమాదం అని రాయడం ఏమిటో మాకూ అర్థం కాలేదు. ఏదైనా, ఈ నిబంధనలన్నీ సీలు వేసిన సీసాకే. తెరిచిన మూతతో బండి మీద ఊగుతూ వచ్చే క్యాన్‌ను అడిగే నాథుడు చాలా చోట్ల లేడు.

సీల్ చేసిన సీసా మాత్రం గొప్పదా అంటే, 2024 జనవరిలో అమెరికాలోని కొలంబియా, రట్గర్స్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు అక్కడి సీసా నీళ్లను పరీక్షించారు. లీటరుకు సగటున 2,40,000 ప్లాస్టిక్ రేణువులు లెక్కతేలాయి. అందులో నూటికి తొంభై వంతులు మామూలు సూక్ష్మదర్శినికి కూడా అందనంత చిన్నవి. అవి ఒంట్లో ఏం చేస్తాయన్నది ఇంకా పరిశోధన దశలోనే ఉంది. ఎండలో బండి మీద నిలబెట్టిన సీసా 'స్వచ్ఛం' అన్న నమ్మకానికి మాత్రం ఆధారం లేదు.

ఖర్చు చూద్దాం. ప్లాంటు దగ్గరికి వెళ్లి పట్టుకుంటే క్యాన్ పది రూపాయలు అనుకుందాం. రోజుకొకటి చొప్పున ఏడాదికి 3,650. ఇంటికి తెచ్చి ఇస్తే ఇరవై, ఏడాదికి 7,300. తెలంగాణలో ఉపాధి హామీ రోజు కూలి 2024-25లో 300 రూపాయలు. అంటే ఒక కూలి తల్లి ఏడాదిలో పన్నెండు రోజుల నుంచి ఇరవై నాలుగు రోజుల దాకా చేసిన కష్టం మొత్తం క్యాన్‌లోకే పోతుంది. వంద రోజుల పనిలో దాదాపు పావు వంతు! ఫామ్‌హౌస్ యజమానికి ఇది లెక్కలోకి రాని ఖర్చు. అదే ఫామ్‌హౌస్‌లో తోటపని చేసే మనిషికి ఇది పిల్లల ఫీజు.

ఇంకొకటి. ఆర్‌వోలో పోసిన నీళ్లన్నీ క్యాన్‌లోకి రావు. ఉప్పులు చిక్కబడిన నీళ్లు వేరే గొట్టం గుండా మోరీలోకి పోతాయి. ఈ వృథా చూసే 2019 మే 20న జాతీయ హరిత ట్రిబ్యునల్, టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉన్నచోట ఆర్‌వో వాడకూడదని, వాడేచోట కనీసం 60 శాతం నీళ్లు దక్కాలని నిబంధన తేవాలని కేంద్ర పర్యావరణ శాఖకు చెప్పింది. బోరు అందరి కిందున్న నీళ్లనే తోడుతుంది. పక్క పొలంలో కూరగాయలు పండించే చిన్న రైతు బోరు ఎండితే అతనికి లెక్క చెప్పేవాళ్లుండరు. కేరళలోని ప్లాచిమడలో కోకా-కోలా కంపెనీ బోర్ల మీద 2002లో ఆదివాసీ మహిళ మయిలమ్మ ముందు నిలిచి నడిపిన పోరాటం ఈ సంగతి మీదే. 2004లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. మన ఊరి ప్లాంటు అంత పెద్దది కాదు, నిజమే. అయితే ఇటువంటివి ఊరికి రెండేసి మూడేసి ఉన్నాయి.

నీళ్లు ఎర్రబడే గారడీ

ఫిల్టర్లు అమ్మేవాళ్లు ఇంటింటికీ తిరిగి చూపించే ఒక పరీక్ష ఉంది. విద్యార్థి మిత్రులు దీన్ని బాగా అర్థం చేసుకోవాలి, ఎందుకంటే నల్లా మీద నమ్మకాన్ని మాటలకన్నా ఎక్కువగా చంపింది ఇదే.

రెండు గ్లాసులు పెడతారు. ఒకదానిలో నల్లా నీళ్లు, రెండోదానిలో ఆర్‌వో నీళ్లు. కరెంటు ప్లగ్గుకు తగిలించిన చిన్న పరికరం నుంచి దిగిన లోహపు కడ్డీలను రెండు గ్లాసుల్లోనూ ముంచుతారు. నిమిషంలో నల్లా నీళ్లు గోధుమ రంగుకు, తర్వాత ఆకుపచ్చ నలుపుకు తిరిగి, మురికి తెట్టె పైకి తేలుతుంది. ఆర్‌వో నీళ్లు తెల్లగా ఉంటాయి. 'చూశారా అమ్మా, మీ పిల్లలు తాగేది ఇదే' అంటాడు అమ్మేవాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ నల్లా నీళ్లు గొంతులో పోసుకోరు.

ఆ మురికి నీళ్లలోది కాదు, కడ్డీలోది. నల్లా నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం వంటి లవణాలు కరిగి ఉంటాయి కాబట్టి వాటి గుండా కరెంటు పోతుంది. పోయినప్పుడు ఇనుప కడ్డీ కరిగి తుప్పుగా బయటికి వస్తుంది. ఆర్‌వో నీళ్లలో లవణాలు దాదాపు లేవు కాబట్టి కరెంటు సరిగా పోదు, కడ్డీ కరగదు. ఆర్‌వో గ్లాసులో చిటికెడు ఉప్పు వేయమని అడగండి. అవీ అలాగే ఎర్రబడతాయి. హైస్కూలు సైన్సు తెలిసిన ఎవరైనా చెప్పగలిగిన విషయమే ఇది. అయినా వాడలో ఆ రోజు ఆ మాట చెప్పేవాళ్లు పక్కన లేరు.

టీడీఎస్ మీటరుదీ దాదాపు ఇదే కథ. అది నీళ్లలో కరిగిన లవణాలన్నింటినీ కలిపి ఒక అంకె చూపిస్తుంది. ఐఎస్ 10500 ప్రకారం 500 దాకా బాగానే ఉన్నట్టు. వేరే నీళ్లు దొరకని చోట 2,000 దాకా ఒప్పుకుంటారు. ఆ మీటరు క్రిములను చూపించదు, పురుగుమందులను చూపించదు, ఫ్లోరైడ్ ఎంతో విడిగా చెప్పదు. '50 చూపించింది, అమృతం' అనడం, జ్వరం ఎంతుందో తూకం రాయితో చూసినట్టు ఉంటుంది.

ఫ్లోరైడ్ దగ్గర మాత్రం జాగ్రత్త

ఆర్‌వో మీద మాకు పగ లేదు. ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరే దిక్కైన ఊళ్లలో అది ప్రాణాలు నిలిపింది. ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, గతి లేనిచోట 1.5 దాకా. అది మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే మొదట పళ్లు, తర్వాత ఎముకలు పాడవుతాయి. నల్లగొండ జిల్లాలో వంగిపోయిన నడుములు ఎన్ని తరాలు చూశామో చెప్పనక్కర్లేదు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అన్న పేరు ఊరికే రాలేదు. రంగారెడ్డి జిల్లాలో కూడా రాతి నేల బోర్లలో కొన్నిచోట్ల ఫ్లోరైడ్ ఎక్కువే. కాబట్టి నది నీళ్లు రాని రోజు పంచాయతీ బోరు నీళ్లను అదే లైన్లో కలిపి వదులుతుంటే, ఆ సంగతి వాడకు తెలియాలి. నల్లా నీళ్లు తాగమనే మా మాట శుద్ధి చేసిన నది నీళ్లకు వర్తిస్తుంది. కలిపిన బోరు నీళ్లకు పరీక్ష అయ్యేదాకా వర్తించదు.

అమెరికాలో నల్లజాతివాళ్లు ఎక్కువగా ఉండే ఫ్లింట్ పట్టణంలో 2014లో ఖర్చు తగ్గించుకోవడానికి నీటి వనరు మార్చారు. ఆ నీళ్లు పాత పైపుల సీసాన్ని కరిగించి ఇళ్లలోకి తెచ్చాయి. నీళ్లు బాగానే ఉన్నాయని అధికారులు నెలల తరబడి చెబుతూ వచ్చారు. అక్కడ తల్లులు నమూనాలు పట్టుకుని పరీక్షలు చేయించాకే నిజం బయటపడింది. నమ్మండి అని చెప్పే హక్కు పరీక్ష చేసి చూపించినవాళ్లకే ఉంటుంది.

నల్లా తిప్పే చెయ్యి ఎవరిది

వాడల్లో యువకులు కొందరు మాతో వాదించే మాట ఒకటుంది, అది తేలిగ్గా తీసేసేది కాదు. 'అన్నా, క్యాన్‌కు కులం లేదు. పది రూపాయలిస్తే ఎవరికైనా నింపుతడు. బావి దగ్గర మా తాతను నిలబెట్టినట్టు నన్నెవరూ నిలబెట్టరు' అంటారు. నీళ్ల దగ్గర దోసిలి పట్టి, ఎవరో పైనుంచి పోస్తే తాగిన తరం ఇంకా మన ఇళ్లలోనే ఉంది. 2006లో అచ్చయిన గ్రామీణ అంటరానితనం అధ్యయనం 11 రాష్ట్రాల్లో 565 గ్రామాలు చూసింది. 48.4 శాతం ఊళ్లలో దళితులను నీటి వనరుల దగ్గరికి రానివ్వడం లేదని తేల్చింది. అలాంటి చోట డబ్బుతో కొనుక్కునే నీళ్లు విడుదలలాగే కనిపిస్తాయి.

కానీ నల్లా చరిత్ర కూడా ఇదే గొడవలోంచి వచ్చింది. సాతారాలో చిన్నప్పటి బడి గురించి బాబాసాహెబ్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాసుకున్నారు. దాహమైతే మిగతా పిల్లలు వెళ్లి నల్లా తిప్పుకుని తాగేవారు. ఆయనకు మాత్రం దాన్ని ముట్టుకునే వీల్లేదు. టీచరు అనుమతి ఇచ్చి, ప్యూన్ వచ్చి తిప్పితేనే నీళ్లు. ప్యూన్ లేని రోజు నీళ్లు లేవు. గమనించండి, అది బావి కాదు, ప్రభుత్వ బడిలో నల్లానే. నీళ్లు పైపులో వచ్చినంత మాత్రాన కులం పోలేదు. నల్లా తిప్పే హక్కు ఎవరిదన్న దగ్గర ఆగింది.

మహాడ్ చెరువు సంగతీ అంతే. బహిరంగ నీటి వనరులు అందరికీ తెరవాలని 1923లోనే బొంబాయి శాసనమండలి తీర్మానించింది. మహాడ్ మున్సిపాలిటీ తన చవదార్ చెరువును తెరుస్తున్నట్టు 1924లో ప్రకటించింది. అయినా 1927 మార్చి 20న అంబేద్కర్ వేలమందితో నడిచి వెళ్లి దోసిలితో ఆ నీళ్లు తాగేదాకా ఆ కాగితాలు కాగితాలే. ఆ తర్వాత అగ్రకులాలవాళ్లు చెరువును 'శుద్ధి' చేయించి, కోర్టుకు వెళ్లారు. బొంబాయి హైకోర్టులో తీర్పు దళితుల వైపు వచ్చేసరికి 1937.

మన దగ్గర కారంచేడు. 1985 జూలైలో దళితులు తాగునీటికి వాడుకునే చెరువు దగ్గర బర్రెల కుడితి బకెట్లు కడిగి మురికి చేస్తుంటే అడ్డుచెప్పినందుకు మొదలైంది గొడవ. నీళ్ల బిందెతో ఉన్న మున్నంగి సువార్త అనే మాదిగ మహిళ ఎదురు తిరిగింది. మర్నాడు, జూలై 17న, మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. అక్కడి నుంచే దళిత మహాసభ పుట్టింది. తాగే నీళ్లు శుభ్రంగా ఉండాలని అడగడమే ఆమె చేసినదంతా.

అందుకే చట్టంలో నల్లా పేరు పెట్టి రాశారు. 1955 పౌర హక్కుల రక్షణ చట్టం నాలుగో సెక్షన్ నదులు, బావులు, చెరువులతో పాటు నల్లాను కూడా జాబితాలో చేర్చింది. 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో తెచ్చిన సవరణ, మూడో సెక్షన్‌లో నల్లా దగ్గర అడ్డగించడాన్ని అత్యాచారంగా లెక్కగట్టింది. మనం వాడుకునే నీటి వనరును మురికి చేయడం కూడా అదే చట్టం కింద నేరం. ఈ రక్షణ క్యాన్‌కు వర్తించదు. క్యాన్ రాకపోతే అడగడానికి ఫోన్ నంబరే ఉంది, సెక్షన్ లేదు.

ఇక్కడే మా వాదన. ఊళ్లో మాట చెల్లేవాళ్లు, అంటే సర్పంచుకు ఫోన్ చేస్తే పని జరిగేవాళ్లు, నల్లా నీళ్లు తాగడం మానేశారు. వాళ్లింట్లో ఆర్‌వో ఉంది. ట్యాంకి కడిగారా లేదా అన్నది ఇక వాళ్ల పిల్లల కడుపుకు సంబంధించిన విషయం కాదు. సర్కారు బడికి ఏం జరిగిందో నల్లాకూ అదే జరుగుతోంది. పలుకుబడి ఉన్నవాళ్లు వెళ్లిపోయాక మిగిలింది వాడ. ఇప్పుడు వాడ కూడా క్యాన్‌కు మారితే నల్లా గురించి అడిగేవాళ్లెవరూ మిగలరు. ఆ పైన క్యాన్ ఇరవై అయినా ముప్పై అయినా కొనాల్సిందే.

జంట జలాశయాల ఒడ్డున ఉండి

ఈ ప్రాంతానికి ఇంకో చేదు కథ ఉంది. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాద్ వదిలి పోడని నగరంలో సామెత. ఆ నీళ్లు శుభ్రంగా ఉండడానికి 1996 మార్చి 8న 111 జీవో ఇచ్చారు. రెండు జలాశయాల చుట్టూ పది కిలోమీటర్లలో, 84 గ్రామాల్లో ఫ్యాక్టరీలు, పెద్ద కట్టడాలు వద్దన్నారు. మొయినాబాద్, చేవెళ్ల వైపు ఊళ్లు కూడా అందులో ఉన్నాయి. నగరం తాగే నీళ్ల కోసం ఇరవై ఆరేళ్లు ఆ పల్లెలు ఆంక్షల కింద ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో 69 జీవోతో వాటిని సడలించారు. ఈలోగా ఫామ్‌హౌస్‌లు, రిసార్టులు, ఫంక్షన్ హాళ్లు వచ్చి కూర్చున్నాయి. ఆదివారం సాయంత్రం వాటి వెనక పోగయ్యే ఖాళీ సీసాలు ఏరేది ఎవరో చెప్పనక్కర్లేదు.

ఇదే జలాశయాల విషయంలో శంషాబాద్ వైపు పెద్దషాపూర్‌లో నూనెల ఫ్యాక్టరీ పెట్టబోతే కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కాలుష్య నియంత్రణ మండలి, ప్రొఫెసర్ ఎం.వి. నాయుడు కేసుగా న్యాయ విద్యార్థులు చదువుకునేది అదే. 2000 డిసెంబరు తీర్పులో కోర్టు, తాగునీరు అందడం జీవించే హక్కులో భాగమని, శుభ్రమైన తాగునీరు ఇవ్వడం 21వ అధికరణం కింద రాజ్యం బాధ్యత అని చెప్పింది. దేశమంతా ఉదహరించే ఆ మాట పుట్టింది మన గండిపేట, హిమాయత్‌సాగర్ నీళ్ల కోసమే. ఆ తీర్పు పుట్టిన ప్రాంతంలో వాడ జనం తాగునీళ్లు కొనుక్కుంటున్నారు.

చేవెళ్ల పేరుతో ఒక ప్రాజెక్టు కూడా ఉండేది. డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ ప్రాణహిత-చేవెళ్ల సుజల స్రవంతి. 2008లో శంకుస్థాపన. 16.40 లక్షల ఎకరాల ఆయకట్టుతో పాటు దారి పొడవునా పల్లెల తాగునీటికి 10 టీఎంసీలు అనుకున్నారు. 2016లో దాన్ని కాళేశ్వరంగా మార్చినప్పుడు పేరులోంచి అంబేద్కర్ పోయారు, చేవెళ్ల పోయింది. దాని మీద ఇంకో వ్యాసమే రాయాలి.

అడగాల్సినవి

మున్సిపాలిటీకైనా పంచాయతీకైనా సమాచార హక్కు కింద నాలుగు ప్రశ్నలు చాలు. గత మూడు నెలల్లో మిగులు క్లోరిన్ ఏ నల్లా దగ్గర, ఏ తేదీన, ఎంత వచ్చింది? ట్యాంకి ఏ తేదీల్లో కడిగారు? వాడ లైనుకు రోజుకు ఎంతసేపు, మొదటి వీధి లైనుకు ఎంతసేపు నీళ్లు వదులుతున్నారు? లైన్లో బోరు నీళ్లు కలుపుతున్నారా, కలిపితే ఫ్లోరైడ్ ఎంత? మొదటి ప్రశ్నలో 'ఏ నల్లా' అన్నదే అసలు మెలిక. ట్యాంకి కింద పరీక్ష చేస్తే ఎప్పుడూ బాగానే వస్తుంది. వాడ చివరి ఇంటి నల్లా దగ్గర చేయించాలి.

క్లోరిన్ పరీక్షకు పెద్ద ల్యాబు అక్కర్లేదు. చిన్న గొట్టంలో నీళ్లు పట్టి రెండు మూడు చుక్కల మందు వేస్తే రంగు వస్తుంది. దాన్ని డబ్బా మీది రంగులతో పోల్చి చూడడమే. జల్ జీవన్ మిషన్ కింద ప్రతి ఊళ్లో ఐదుగురు మహిళలకు నీటి పరీక్ష కిట్ల మీద శిక్షణ ఇవ్వాలని ఉంది. మీ ఊళ్లో ఆ ఐదుగురు ఎవరు, వాళ్లలో వాడ నుంచి ఎంతమంది అని అడగండి. కిట్టు ఎక్కడుందో అడగండి. కొన్నిచోట్ల అది బీరువాలో ఉంటుంది.

ఈలోపు ఇంట్లో ఏం చేయాలి? ఉదయం నల్లా విప్పగానే వచ్చే మొదటి నీళ్లు వాడకానికి పట్టుకుని, తేటగా వచ్చాకే తాగే బిందె నింపుకోవాలి. బిందె మీద మూత, ముంచడానికి కాడ ఉన్న గరిటె. రంగు మారినా, వాసన వేరేగా ఉన్నా, వానాకాలంలో లైను పగిలినా కాచి చల్లార్చాలి. కాచడం క్రిములకు పనిచేస్తుంది, ఫ్లోరైడ్‌కు పనిచేయదు. నల్లాకు మోటారు బిగించడం మాత్రం వద్దు. పక్కింటి నీళ్లతో పాటు మోరీనీ లాగుతుంది.

హాస్టళ్లలో ఉన్న విద్యార్థులు ఇంకొంచెం చేయొచ్చు. ఏప్రిల్ 14 సభలకు సీసాల పెట్టెలు దించే బదులు, ముందురోజే క్లోరిన్ చూసి పట్టిన నల్లా నీళ్లు కుండల్లో పెట్టి, స్టీలు గ్లాసులు పెట్టండి. వేదిక మీదివాళ్లకు సీసా, కిందివాళ్లకు ప్యాకెట్ అన్న తేడా కూడా పోతుంది. వేదిక మీద ఎవరు ఆ గ్లాసు ముట్టుకోవడానికి వెనకాడతారో చూస్తే అది కూడా ఒక సమాచారమే.

క్రిముల పరీక్షకు నమూనా ఇచ్చేవాళ్లు ఇవి గుర్తుంచుకోవాలి. సీసా ల్యాబు ఇచ్చిన శుద్ధి చేసినదే కావాలి, ఇంట్లో కడిగింది పనికిరాదు. నల్లా మూతిని తుడిచి, రెండు మూడు నిమిషాలు నీళ్లు వదిలాక పట్టాలి. మూత లోపల వేలు తగలకూడదు. ఐసు పెట్టిన డబ్బాలో, అదే రోజు ల్యాబుకు చేర్చాలి. సీసా మీద ఊరి పేరు ఒక్కటే రాస్తే చాలదు. వాడ పేరు, లైను పేరు, చివరి ఇంటి నల్లా అని, పట్టిన సమయం కూడా రాసి, రసీదు అడిగి తీసుకోవాలి.